ఒళ్లు నేర్చుకున్న పని

మే 6

ఎత్తిన బరువులు, తిన్న తిండి జిమ్ము గోడమీది కార్డులో రాస్తాను. అది మాస్టారు చూస్తారు. ఇది నా కోసం.

ఈ పొద్దున ఊ టిన్ శ్వే మాస్టారు అద్దం ముందు నా చొక్కా విప్పించి చుట్టూ నెమ్మదిగా తిరిగారు. సంతలో ఎద్దును బేరమాడేవాళ్లు అలాగే తిరుగుతారు. భుజం నొక్కి, వీపు తట్టి, "ఎడమ భుజం కుడిదాన్ని అందుకుంటోందిరా," అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు.

పద్దెనిమిదో ఏట నుంచి బంగారు రేకులు కొడుతున్నాను. సుత్తి ఎత్తే తీరు వల్ల ఒళ్లు ఒక పక్కకే పెరిగింది. జిమ్ములో చేరిన కొత్తలో పౌక్సీ నన్ను "పీతా" అని పిలిచేవాడు. పీతకు ఒక కాలే పెద్దది కదా. వాడిది మాత్రం గొప్ప పేరా? పౌక్సీ అంటే ఆవిరి బన్ను, పొట్ట చూసి పెట్టారు. ఆ పొట్ట పోయి నాలుగేళ్లయింది, పేరు పోలేదు.

ఈ ఏడాది పొడులు మొదలుపెట్టాక ఒంట్లో జరుగుతున్నది చూస్తుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. ప్రోటీన్ పొడి తాగిన మొదటి రోజుల్లో కడుపు టీ కొట్టులో కెటిల్ లాగా చప్పుడు చేసింది. తర్వాత ఒకనాడు ఊరుకుంది. నేర్చేసుకుంది. క్రియాటిన్ కండలోకి నీళ్లు లాగింది. వారంలో చొక్కా చేతులు బిగుసుకున్నాయి. వ్యాయామానికి ముందు తాగే ఎర్ర పొడికి మొదట్లో చెవుల వెనక చీమలు పాకినట్టుండేది. ఇప్పుడు ఆ చీమలు లేవు. ఒళ్లు దేనికైనా మొదట మొరాయిస్తుంది. తర్వాత దారి వెతుక్కుంటుంది. ఆ తర్వాత "ఇంకొంచెం పెట్టు" అంటుంది.

ఆగస్టు చివర్లో డివిజన్ బాడీబిల్డింగ్ పోటీలు. డెబ్బై అయిదు కిలోల తరగతి. ఈసారి నాది.

అక్క కాళ్ల వాపు ఇంకా తగ్గలేదు. ఎండలకు అయ్యుంటుంది.

మే 9

ఎండలకు కాదు.

మే 15

రెండు కిడ్నీలూ ఎండిపోయాయట. డాక్టర్ యదనా స్కానింగు బొమ్మ వెలుగుకు పట్టి చూపించారు. నాకేమీ అర్థం కాలేదు, తల ఊపాను. ల్విన్ బావ కూడా ఊపాడు. అక్క ఒక్కతే అడిగింది: "ఇంకెంత కాలం పని చేసుకోవచ్చమ్మా?"

"పని సంగతి తర్వాత సాండా. ముందు డయాలసిస్ మొదలుపెట్టాలి."

మెడలో గొట్టం పెట్టారు. ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేస్తారట. ముంజేతిలో ధమనిని నరానికి కలుపుతారు. నెత్తుటి పోటుకు ఆ నరం లావెక్కితే, ఇకపై సూదులు దానికే.

అమ్మ పోయేసరికి నాకు ఏడేళ్లు, అక్కకు పద్నాలుగు. రేకులు కోసే గదిలో కూలికి చేరింది. ఊపిరి గట్టిగా వదిలితే రేకు ఎగిరిపోతుందని ఆ గదికి కిటికీ ఉండదు, ఫ్యాను ఉండదు. ఆ ఉక్కలో ఇరవై నాలుగేళ్లు కూర్చుంది. తల నొప్పి వచ్చినప్పుడల్లా ఒక మాత్ర వేసుకుని మళ్లీ కూర్చునేది.

వీపు, ఛాతీ వ్యాయామం చేశాను. బరువు తేలిగ్గా లేచింది. అలా లేచినందుకు కోపం వచ్చింది.

మే 30

చేతి ఆపరేషన్ బాగా జరిగింది. రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నారు, నరం ఎదగాలంటే అదే మార్గమట.

అక్క మంచం మీద కూర్చుని గబగబా నొక్కేస్తోంది. వంట చేస్తున్నప్పుడు కూర మాడకుండా కలుపుతుందే, ఆ వేగం.

"అలా కాదక్కా. నెమ్మదిగా నొక్కు. పట్టి ఉంచు. వదిలేటప్పుడు కూడా నెమ్మదిగానే."

"బంతి నొక్కడానికి కూడా మాస్టారా?"

"మధ్యలో ఆగు. ఆగినప్పుడే పెరుగుతుంది."

"ఆగితే పెరిగేటట్టయితే మీ బావకు ఈపాటికి కొండంత కండ ఉండాల్సింది."

టైరు కొట్టు నుంచి అప్పుడే వచ్చిన బావ గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "నన్నెందుకు లాగుతారు మధ్యలో," అన్నాడు. చాలా రోజుల తర్వాత ముగ్గురం నవ్వాం.

జూన్ 10

అక్క చెయ్యి చూడాలి. ముంజేతి లోపలి వైపు నరం తాడులా లేచింది. మొన్నటిదాకా కనపడని సన్నటి నరం. మీద వేలు పెడితే లోపల తేనెటీగ ఉన్నట్టు జుమ్మంటోంది. రక్తం అంత జోరుగా వస్తుంటే నరం గోడ తనంతట తనే దళసరెక్కిందట. ఎవరూ దానికి పాఠం చెప్పలేదు. బరువు పడింది, నిలబడింది.

పౌక్సీ పరామర్శకు వచ్చి, పలకరింపు కూడా మరిచిపోయి చేతినే చూస్తూ కూర్చున్నాడు.

"అక్కా, ఈ నరం కోసం నేను పోటీకి ముందు రెండు రోజులు నీళ్లు మానేస్తాను తెలుసా? అయినా ఇందులో సగం తేలదు."

"కావాలంటే పట్టుకుపో నాయనా. దాంతోపాటు సూదులు కూడా."

వాడు నవ్వబోయి ఆగిపోయాడు. అక్కే నవ్వింది.

అక్క పెదవులు పగిలి ఉన్నాయి. నీళ్లు కొలిచి తాగాలి. ఐసుముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా మాట్లాడకుండా కూర్చుంటోంది.

జూన్ 14

అక్కకు కిడ్నీ ఇవ్వడానికి బావ రక్తం కుదరలేదు. నాది కుదిరింది.

చెప్పగానే అక్క గోడవైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే, "పోటీ అయ్యేదాకా ఆ మాట ఎత్తకు. మూడేళ్లుగా కష్టపడ్డావు. నేనెక్కడికీ పోను, మిషనుంది కదా," అంది.

డాక్టరు కూడా పరీక్షలన్నీ పూర్తవడానికి నెలలు పడుతుందన్నారు. అంటే పోటీ చేసుకుని కూడా ఇవ్వచ్చు. అక్కే అంది కదా.

జూన్ 22

నా పరీక్షలు వచ్చాయి. గుండె బావుంది, ఊపిరితిత్తులు బావున్నాయి. క్రియాటినిన్ మాత్రం ఎక్కువగా ఉందట. ఒంట్లో ఆ మలినం పేరుకుంటే కిడ్నీ సరిగ్గా వడకట్టడం లేదని అర్థమట.

"కండ ఎక్కువగా ఉన్నవాళ్లకు కాస్త ఎక్కువ చూపిస్తుంది," అన్నారు డాక్టరు, నా భుజాల వైపు చూస్తూ. "పొడులేమైనా వాడుతున్నావా?"

"ప్రోటీన్ పొడి."

"క్రియాటిన్?"

"అప్పుడప్పుడు."

"రెండూ మానెయ్. బరువులు కూడా వద్దు. మాంసం తగ్గించు. రెండు వారాలాగి మళ్లీ చేద్దాం."

అప్పుడప్పుడు. రోజూ అంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. నోట అలా వచ్చేసింది.

జూన్ 23

పరీక్షకు ముందురోజు తొడల వ్యాయామం చేశాను. దానివల్లే పెరిగింది. ఖాయంగా దానివల్లే.

జూన్ 25

మానేశాను. పొడి డబ్బా బీరువా మీద పెట్టేశాను.

జులై 1

డబ్బా అడుగున కొంచెమే ఉంది. తేమకు గడ్డ కడుతోంది. పారేయడం ఎందుకని.

బరువులు తేలికవే ఎత్తుతున్నాను. మాస్టారు "ఏమైందిరా?" అంటే నడుం పట్టేసిందన్నాను. పోటీకి ఇంకా ఎనిమిది వారాలు. ఇప్పుడు పూర్తిగా వదిలేస్తే కండ దిగిపోతుంది. అక్కే కదా పోటీ చెయ్యమన్నది.

జులై 4

ఇవాళ వీపు వ్యాయామం ఎంత బాగా కుదిరిందో. అద్దంలో రెండు రెక్కలు విప్పుకున్నట్టుంది. తేలికవే. దాదాపు తేలికవే.

జులై 8

అంకె తగ్గలేదు.

డాక్టర్ యదనా కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "చెప్పినట్టే చేశావు కదా?"

"చేశానమ్మా."

"అయితే నాకు భయంగా ఉంది నందా. ఇది నిజమైన అంకె అయితే నీ కిడ్నీ నేను తియ్యను. ఒక రోగిని బాగుచేయబోయి ఇద్దరు రోగుల్ని తయారు చెయ్యను. మీ ఇంట్లో ఈ జబ్బు ఇంకెవరికైనా ఉందేమో కూడా చూడాలి. నీకే మొదలవుతోందేమో."

బయట మోటారు సైకిలు మీద కూర్చున్నాను. తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు. ఇంత ఒళ్లు పెంచాను. లోపల ఏముందో నాకు తెలియదు.

జులై 9

అక్కకు చెప్పలేదు. డాక్టరుకు కూడా చెప్పలేదు.

జులై 12

ఇవాళ డయాలసిస్‌కు బావ బదులు నేను వెళ్లాను. సగంలో అక్క ముఖం సున్నం కొట్టినట్టయింది. నర్సు పరుగెత్తుకొచ్చి మంచం తలవైపు దించింది. బీపీ పడిపోయింది. పిక్కలు గట్టిగా పట్టేశాయి. అది మాత్రం నాకు తెలిసిన పని. పాదం వేళ్లు పట్టుకుని మోకాలి వైపు వంచి, బొటనవేలితో పిక్క రుద్దాను. నా చేతిలో అక్క కాలు ఎంత సన్నగా ఉందో! కండంతా ఎక్కడికి పోయింది? మేమిద్దరం ఒక ఇంట్లోనే ఉన్నాం, ఒక కుండలో అన్నమే తింటున్నాం. నా మీదికి ఎక్కుతున్న కండ అక్క మీదినుంచి దిగుతోంది.

అక్క కళ్లు తెరిచింది. నన్ను పోల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

"పొద్దున గుడ్లు తిన్నావా?" అంది.

"తిన్నాను."

"తెల్లసొనే తిన్నావా? పచ్చసొన కూడా తినేశావా? నీకు పోటీ ఉంది."

గ్లాసులో నీళ్లు తెస్తానని చెప్పి బయటికొచ్చాను. అక్క నీళ్లు తాగకూడదన్న సంగతి మెట్లు దిగాక గుర్తొచ్చింది. అక్కడినుంచి నేరుగా డాక్టరు గదికి వెళ్లాను. లోపల వేరే రోగి ఉన్నాడు. అతని ముందే చెప్పేశాను. రోజూ క్రియాటిన్ వేసుకున్నానని, బరువులు ఆపలేదని, మొదటిసారి కూడా, రెండోసారి కూడా.

డాక్టరు కలం కింద పెట్టారు. తర్వాత, "నాలుగు రోజులుగా నీ ఫైలు ఇంటికి పట్టుకెళ్తున్నాను," అన్నారు. "తెలుసా?"

"క్షమించండమ్మా."

"ఆ పొడి ఒంట్లోపల క్రియాటినిన్‌గా మారుతుంది. నువ్వు పోస్తున్నావు, మిషను కొలుస్తోంది. నీ కిడ్నీ పాపం మంచిదో చెడ్డదో చెప్పే వీలే లేకుండా చేశావు." ఆ మాట అంటుంటేనే ఆవిడ ముఖం తేలికపడింది. "బహుశా మంచిదేనేమో. పో, ఈసారి నిజంగా మానెయ్."

ఆ రోగి, ఎవరో ముసలాయన, నేను బయటికి వస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఎందుకో తెలియదు.

జులై 13

మాస్టారికి చెప్పాను. అంతా విన్నారు. తువ్వాలుతో బెంచీ తుడిచారు, తుడిచిందే మళ్లీ తుడిచారు.

"అంటే పోటీ లేదు."

"లేదు మాస్టారూ."

"ఎప్పుడూ నీకు చివరి వారాల పత్యమే చేతకాదు. చాటుగా ఏదో ఒకటి నోట్లో వేసుకుంటావు. ఇదొక్కటైనా సరిగ్గా చెయ్యి." గోడమీది కార్డు తీసి నా చేతిలో పెట్టారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. చెమట అనుకోమన్నట్టు ముఖమంతా తుడుచుకున్నారు. తర్వాత వీధిలోకి చూస్తూ, "పౌక్సీగాడిని పిలు. ఎనభై కిలోల వాణ్ణి డెబ్బై అయిదుకు దించాలి," అన్నారు.

జులై 21

ఒళ్లు దిగుతోంది. ముందు నీళ్లు పోయాయి. భుజాల మీద నిగనిగ మూడు రోజుల్లో పోయింది. గాలి తగ్గిన టైరులా ఉన్నానని బావ అన్నాడు. ఆయనకు అన్నీ టైర్లే.

సుత్తి పనికి కూడా సెలవు పెట్టాను. అరచేతుల కాయలు ఊడుతున్నాయి. కింద చర్మం పిల్లల చర్మంలా ఎర్రగా ఉంది. మొదట ఏడుపొచ్చింది. తర్వాత చూస్తూ కూర్చున్నాను. ఒళ్లు ఎంత లెక్కగా ఉంటుందో! అడిగితే కడుతుంది, అడగడం మానేస్తే విప్పి దాచుకుంటుంది. అనవసరంగా మోయదు. పెరిగేటప్పుడు దీన్ని మెచ్చుకున్నాను, తగ్గేటప్పుడు ఇంకా మెచ్చుకోవాలనిపిస్తోంది.

ఆ పొడి ఒక్క పలుకు కూడా నోట్లో వేసుకోలేదు. ఇది నిజం.

జులై 27, వాసో పున్నమి

అంకె దిగింది! మామూలు మనిషి అంకె. యాంగోన్‌కు పంపిన ఇంకో రక్తపరీక్ష కూడా అదే మాట చెప్పింది. స్కానింగులో రెండూ నున్నగా ఉన్నాయట. డాక్టరు నా వీపు మీద చరిచి, "ఇంత మంచి కిడ్నీని అనుమానించేలా చేశావు కదరా," అన్నారు. "రా" అన్నారు. అదీ బాగుంది.

సాయంత్రం, పండుగ కదా, మహాముని బుద్ధుడి గుడికి వెళ్లాం. ఆడవాళ్లు స్వామి దగ్గరికి ఎక్కకూడదు. ఇరవై నాలుగేళ్లుగా రేకులు కోసిన అక్క ఒక్క రేకు కూడా తన చేత్తో అతికించలేదు. కింద చాప మీద కూర్చుని టీవీ తెరమీద చూస్తుంది. నేను ఎక్కి అక్క పేర ఒకటి, డాక్టరు పేర ఒకటి అతికించాను. మా తాతల కాలం నుంచి అతికించిన రేకులతో స్వామి ఒళ్లంతా గడ్డలు గడ్డలుగా ఉబ్బి ఉంటుంది.

దిగి వచ్చాక అక్క అంది, "స్వామి కూడా మొన్నటి నీలాగే పూటపూటకూ ఒళ్లు చేస్తున్నాడు. ఆయనకు పత్యం లేదు, అదృష్టవంతుడు."

ఆగస్టు 26

పోటీలు. జనంలో కూర్చుని చూశాను. పౌక్సీ గోధుమరంగు పూసుకుని లైట్ల కిందికి వచ్చాడు. దవడలు లోపలికి పోయాయి, పెదవులు పగిలి ఉన్నాయి. అక్క పెదవుల్లాగే. వెనక్కి తిరిగి వీపు విప్పాడు. నేను లేచి అరిచాను. అంత అందమైన వీపు వాడి దగ్గర ఉందని ఇన్నేళ్లూ పక్కనే ఉండి నేను చూడలేదు. నన్ను నేనే చూసుకుంటూ ఉండిపోయాను.

మూడో స్థానం. పతకం మెడలో ఉండగానే నా దగ్గరికొచ్చి, "పీతా, నువ్వుంటే నేను నాలుగు," అన్నాడు.

"నేనుంటే నువ్వు ఎనభైలో ఉండేవాడివి. ఏడుస్తూ."

"అదీ నిజమే." వెంటనే కూర్చుని రెండు గిన్నెల మొహింగా తిన్నాడు. చేపల పులుసు గడ్డం మీద కారుతుంటే రంగంతా చెదిరింది.

అసూయ కలగలేదు. కొంచెం కలిగింది.

అక్టోబర్ 23

కమిటీ సంతకాలు, మిగిలిన పరీక్షలు అన్నీ అయ్యాయి. రేపు దీపాల పండుగ. ఎల్లుండి ఆపరేషన్. అక్క పక్క వార్డులో ఉంది. మధ్యాహ్నం కర్టెను పక్కకు లాగి, "ఇప్పటికైనా వద్దనచ్చు," అంది.

"నువ్వు బంతి నొక్కడం ఆపావా ఎప్పుడైనా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"నాకు తెలిసింది ఒకటే అక్కా, బరువులు."

అక్క తన బుగ్గమీది థనాకా గంధం వేలితో తీసి నా నుదుటికి రాసి వెళ్లిపోయింది.

అక్టోబర్ 28

నొప్పి.

అక్టోబర్ 30

ఇప్పుడు రాయగలను. ఎడమ పక్కటెముకల కిందినుంచి పొట్ట వైపు పెద్ద కోత. దగ్గితే ప్రాణం పోతోంది. ఎన్నో ఏళ్లు కట్టిన పొట్ట కండలు, లేచి కూర్చోవడానికి కూడా పనికి రావడం లేదు. నర్సు మంచానికి తాడు కట్టి ఇచ్చింది. తాడు పట్టుకుని లేస్తున్నాను. ఇంతకంటే కష్టమైన వ్యాయామం చెయ్యలేదు.

బావ పరుగెత్తుకుంటూ వచ్చాడు ఆపరేషన్ మర్నాడు. చేతులు చాపి ఏదో కొలత చూపిస్తున్నాడు, మాట రావడం లేదు.

"ఏమైంది బావా?"

"వచ్చింది! సంచీ నిండా వచ్చింది. మళ్లీ సంచీ పెట్టారు, అదీ నిండింది!"

వార్డంతా తిరిగి చూసింది. పక్క మంచం పెద్దాయన, "దేని గురించి నాయనా?" అన్నాడు.

"మా ఆవిడ ఉచ్చ పోసిందండీ!"

వార్డులో అందరూ చప్పట్లు కొట్టారు. నేను కుట్లు పట్టుకుని నవ్వలేక చచ్చాను.

నవంబర్ 9

అక్క క్రియాటినిన్ అంకె మళ్లీ పెరిగింది. జ్వరం. నా కిడ్నీని అక్క ఒళ్లు పరాయిదిగా పోల్చుకుందట. తరిమేయడానికి చూస్తోందట.

గది కిటికీ అద్దంలోంచి చూపించారు. ముఖం వాచి ఉంది. చెయ్యి ఎత్తి ఊపింది.

ఒళ్లు దేనికైనా అలవాటు పడుతుందని ఎక్కడో రాశాను. ఏమీ తెలియకుండా రాశాను.

నవంబర్ 11

మూడో రోజు మందు ఎక్కిస్తున్నారు. డాక్టరు వరండాలో కనపడితే అడిగాను. "దాన్ని ఒప్పించాలి నందా. గద్దించాలి, బతిమాలాలి. సమయం ఇవ్వు," అన్నారు. ఆవిడ కూడా నిద్రపోయినట్టు లేరు.

వరండా ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తున్నాను. ఇంకేం చెయ్యాలో తెలియక.

నవంబర్ 12

నడిచాను.

నవంబర్ 14

దిగుతోంది.

నవంబర్ 16

దిగింది. జ్వరం పోయింది. ఒప్పుకుంది. అక్క ఒళ్లు నన్ను ఉండనిచ్చింది.

అక్క కొబ్బరినీళ్లు అడిగిందట. ఆర్నెల్లుగా దగ్గరికి రానివ్వనివి. డాక్టరు సరేనన్నారు. అద్దం అవతల నిలబడి చూశాను. గుటకలు గొంతులోంచి కిందికి దిగడం చూశాను. సగంలో ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తింది. కాయ వంచి చివరి చుక్క దాకా తాగింది. ఎన్ని పోటీలు చూశాను, ఎందరి ఒళ్లు చూశాను. ఇంత అందమైన పని ఏ ఒళ్లూ చెయ్యగా చూడలేదు.

డిసెంబర్ 15

పొద్దున్నే కోట కందకం గట్టున నడక. చలి. పౌక్సీ పక్కనే నడుస్తాడు, నా అడుగుకు తన అడుగు చిన్నది చేసుకుని. ముసలివాళ్లు మమ్మల్ని దాటి వెళ్లిపోతున్నారు. ఒకాయన, "ఇంత కండ పెట్టుకుని ఈ నడకేమిట్రా అబ్బాయిలూ?" అన్నాడు. పౌక్సీ, "కండలు బరువు తాతా, మోసుకుంటూ నడవాలి కదా," అన్నాడు.

జనవరి 20

నా స్కానింగు. చల్లటి జిగురు రాసి, డాక్టరు తెర నా వైపు తిప్పారు. బూడిదరంగు చిక్కుడుగింజ. పాత బొమ్మ పక్కన పెట్టి రెండింటి మీదా గీతలు గీసి చూపించారు.

"చూడు, పెరిగింది. తోడుది పోగానే ఆ పని కూడా ఇదే అందుకుంది. కొత్త కిడ్నీ ఏమీ పుట్టదు. ఉన్న గొట్టాలే లావెక్కుతాయి, ఉన్న జల్లెళ్లే పెద్దవవుతాయి."

"బరువు పడితే కండ పెరిగినట్టా?"

"అచ్చం అలాగే."

నేను మంచం మీద వీపు ఆనించి నొప్పితో మూలిగినన్ని రోజులూ, అది లోపల చీకట్లో ఒంటరిగా పని నేర్చుకుంటోంది. అద్దం లేదు, పొడి లేదు, శభాష్ అన్నవాడు లేడు. నాకు దాన్ని ముట్టుకోవాలనిపించింది. కుడి నడుం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

జిమ్ముకు వెళ్లి చెప్పాను. మాస్టారు పెద్దగా నవ్వి, "నా చేతిలో తయారైన వాళ్లలో అదొక్కటే మాట విన్నది," అన్నారు. క్రియాటిన్ ఇక జన్మలో వద్దని, తిండి మామూలుగా తినమని డాక్టరు అన్నది కూడా చెప్పాను. "మా రోజుల్లో శనగలు తినే పెంచాం," అని శనగల పొట్లం ఇచ్చారు. పోటీలకు మళ్లీ వస్తావా అని అడగలేదు. నేనూ అనలేదు. ఏమో.

ఫిబ్రవరి 10

ఇవాళ మాస్టారు ఉత్త కడ్డీ ఇచ్చారు. బరువులు లేకుండా. ఎత్తాను. చేతులు వణికాయి. వణుకుతూనే దారి గుర్తుపట్టాయి. నాలుగోసారికి వణుకు ఆగింది.

ఫిబ్రవరి 24

అక్క ముఖానికి గుడ్డ కట్టుకుని రేకుల గదికి వెళ్తానంది. పనికి కాదు, చూసి వద్దామని. నేను తోడు వెళ్లాను. గదిలోంచి అందరూ వాకిట్లోకి వచ్చేశారు, అక్కకు ఏదైనా అంటుకుంటుందని ముట్టుకోకుండా దూరంగా నిలబడి ఏడ్చేవాళ్లు ఏడుస్తూ, నవ్వేవాళ్లు నవ్వుతూ. వాళ్ల వేళ్ల చివర బంగారపు పొడి.

అందరికంటే పెద్దది డా న్యో అవ్వ. నోట్లో పళ్లు లేవు. నా వైపు చూసి, "వీడేనా ఇచ్చింది? ముందు చేటంత ఛాతీ ఉండేది, చిక్కిపోయాడే," అంది.

"చిక్కలేదు పెద్దమ్మా, మళ్లీ ఎక్కుతోంది," అంది అక్క. "ఒరేయ్ నందా, చొక్కా విప్పు."

"ఇక్కడా?"

"స్టేజీ మీద వెయ్యిమంది ముందు చెడ్డీతో నిలబడతావు. మా దగ్గర సిగ్గా?"

వాళ్లు ఒకటే గోల. విప్పాను. కుడిచెయ్యి మడిచి కండ చూపించాను. ఈల వేసిందెవరో, డా న్యో అయ్యుండాలి. వెనక్కి తిరిగి వీపు చూపించాను.

"అది కాదు," అంది అక్క. "పక్కకు తిరుగు. ఆ పక్క కాదు, ఈ పక్క. చెయ్యి పైకెత్తు, వాళ్లకు కనపడాలి."

ఎడమ చెయ్యి ఎత్తాను. కోత వెలుగులోకి వచ్చింది. పక్కటెముకల కిందినుంచి పొట్టదాకా, ఇంకా గులాబీరంగులోనే ఉంది. నవ్వులు ఆగిపోయాయి. ఊపిరి వదిలితే రేకు ఎగిరిపోతుందన్నట్టు అందరూ నిలబడ్డారు.

అక్క దగ్గరికి వచ్చి చూసింది. ఆస్పత్రిలో కట్ల మీదినుంచి చూడడమే, ఇంతవరకు సరిగ్గా చూడలేదు. ముఖం మీది గుడ్డ ఊపిరికి లోపలికీ బయటికీ కదులుతోంది.

"చాల్లే, చెయ్యి దించు. నొప్పెడుతుంది," అంది.

నేను దించలేదు.